ఉబ్బసం: బాగున్న రోజున చేయవలసిన పనులు

తెల్లవారుజామున మూడింటికి మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి కోసం వెతుక్కున్న మనిషికి ఉబ్బసం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడో ఏట నుంచి నాకది తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉండేది. మరునాడు పొద్దున లేచి హాయిగా బడికి వెళ్లినప్పుడు ఆ జబ్బు ఎక్కడ ఉంటుంది? పోయిందనే అనుకునేవాళ్లం ఇంటిల్లిపాదీ. మళ్లీ వచ్చినప్పుడు "తిరగబెట్టింది" అనేది అమ్మ. పాతికేళ్లు గడిచాక గానీ అది ఎక్కడికీ పోలేదని, లోపలే ఉందని నాకు అర్థం కాలేదు.

ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే సన్నటి గొట్టాల లోపలి పొర ఉబ్బసం ఉన్నవాళ్లలో ఎప్పుడూ కొంత వాచే ఉంటుంది. బాగున్నామనుకునే రోజున కూడా ఆ వాపు ఉంటుంది. దాని మీదికి దుమ్మో, పొగో, జలుబో వచ్చి పడగానే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, పొర ఇంకా ఉబ్బుతుంది, జిగట కఫం దారికి అడ్డం పడుతుంది. లోపలికి పోయిన గాలి బయటికి రావడమే ఎక్కువ కష్టం. పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువగా వినిపించేది అందుకే. బిగిసిన కండరాన్ని కొన్ని నిమిషాల్లో సడలించవచ్చు. వాపును తగ్గించాలంటే రోజులు, వారాలు పడుతుంది. ఈ రెండు పనులకూ రెండు వేర్వేరు మందులు ఉన్నాయి. కింద చెప్పే పనుల్లో చాలా భాగం ఆయాసం లేని రోజున చేయవలసినవే.

ముందు అది ఉబ్బసమేనని తేల్చుకోండి

కూత వినిపించిన ప్రతి రొమ్ములోనూ ఉబ్బసం ఉండదు. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట కాల్చినవాళ్లకు, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన ఆడవాళ్లకు వచ్చే సీఓపీడీ (ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) ఇలాగే కనిపిస్తుంది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా రాత్రిపూట ఆయాసం వస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, మన దేశంలో క్షయ కాదని తేల్చుకోవాలి. చిన్నపిల్లలకు ఉన్నట్టుండి ఒక పక్క నుంచే కూత వస్తే శనగ గింజో, పెన్ను మూతో లోపల ఇరుక్కుందేమోనని అనుమానించాలి.

ఉబ్బసానికి కొన్ని లక్షణాలు ఉన్నాయి. వస్తుంది, పోతుంది. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ. కొన్నిటి దగ్గరే రేగుతుంది. ఇంట్లో ఇంకెవరికో ఉబ్బసమో, తుమ్ములో, ఒంటి మీద ఎగ్జిమానో ఉంటుంది. కొందరికి కూతలే ఉండవు, వదలని పొడి దగ్గు ఒక్కటే ఉంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. రాత్రి ఆయాసం వచ్చినప్పుడు అర నిమిషం ఫోనులో వీడియో తీయించండి. పగలు పదకొండు గంటలకు ఆస్పత్రిలో కూర్చున్న మీ రొమ్ము ఏ శబ్దమూ చేయదు, "నిన్న రాత్రి చూడవలసింది" అని మీరు వాపోవలసి వస్తుంది. ఎక్స్‌రే తీసి "అంతా శుభ్రంగా ఉంది" అన్నారని ఊరట పడవద్దు, ఉబ్బసంలో ఎక్స్‌రే చాలామటుకు మామూలుగానే ఉంటుంది. అడగవలసిన పరీక్ష స్పైరోమెట్రీ. గొట్టంలోకి ప్రాణం పెట్టి ఊదిస్తారు, ఊపిరి గొట్టాలు విప్పే మందు పీల్పిస్తారు, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి 12 శాతం, కనీసం 200 మిల్లీలీటర్లు పెరిగితే పెద్దవాళ్లలో అది ఉబ్బసానికి గట్టి సాక్ష్యం. బాగున్న రోజున చేస్తే ఈ పరీక్ష కూడా మామూలుగా రావచ్చు. అంతమాత్రాన జబ్బు లేదని కాదు.

మీ చేతిలో ఉన్నది ఏ మందో చదవండి

ఇన్‌హేలర్లు రెండు పనులకు ఉన్నాయి. మొదటిది అప్పటికప్పుడు ఊపిరి ఆడించేది. సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్ ఈ రకం. అయిదు నిమిషాల్లో కండరాన్ని సడలిస్తాయి, నాలుగు గంటలో ఆరు గంటలో పనిచేసి వెళ్లిపోతాయి, వాపును ముట్టుకోవు. రెండోది వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. బుడెసొనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికసోన్ ఈ కోవలోవి. పీల్చిన వెంటనే ఏమీ అనిపించదు. మన దగ్గర చిక్కంతా ఇక్కడే వస్తుంది. వెంటనే హాయినిచ్చే దాన్ని మనం "మంచి మందు" అంటాం, ఏమీ అనిపించని దాన్ని మానేస్తాం. నేను పన్నెండేళ్లు సరిగ్గా ఇదే చేశాను.

రంగును నమ్మవద్దు. ఊపిరి ఆడించేది నీలం, వాపు తగ్గించేది గోధుమరంగు అని చాలాచోట్ల చెబుతారు. కంపెనీని బట్టి అది మారిపోతుంది. డబ్బా మీద పేరు చదవండి, కళ్లజోడు లేకపోతే ఇంట్లో పిల్లలతో చదివించండి.

ఊపిరి ఆడించే మందు ఒక్కదానితోనే ఉబ్బసాన్ని నెట్టుకురావడం ప్రమాదమని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు రూపొందించే జీనా సంస్థ 2019లో తేల్చి చెప్పింది. వాపును పట్టించుకోకుండా కండరాన్ని మాత్రమే సడలిస్తూ పోతే ఏదో ఒక రాత్రి ఆ సడలింపు చాలదు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు వాడే మందుగానూ రాస్తున్నారు. ఫార్మోటెరాల్ కూడా కండరాన్ని సడలించేదే, త్వరగా పనిచేస్తుంది కాబట్టే అది కుదురుతుంది. కలిపి వచ్చే ప్రతి ఇన్‌హేలర్‌నూ అలా వాడకూడదు. మీది ఆ రకమో కాదో డాక్టరును అడిగి తెలుసుకోండి.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అనే భయం ఇంటింటా ఉంది. పెళ్లి సంబంధాల దగ్గర దాచే వస్తువుల్లో ఇదొకటి. ఒక లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ ఒక పఫ్, అంటే ఒకసారి నొక్కితే వచ్చే మందు, 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్రలో నలభై పఫ్‌ల మందు ఉంది. అదంతా కడుపులోకి, రక్తంలోకి, గుండెకు, చేతులకు పోయి వణుకు పుట్టించి, చివరికి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇన్‌హేలర్ మందు పడవలసిన చోటే పడుతుంది. మాత్రను చనువుగా మింగి, పఫ్‌కు భయపడడంలో తర్కం నాకు ఇప్పటికీ దొరకలేదు.

స్టెరాయిడ్ అనే మాట వింటేనే గుండె జారేవాళ్లకు ఇంకో మాట. పిల్లలు ఏళ్ల తరబడి బుడెసొనైడ్ పీల్చితే పెద్దయ్యాక ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చని పరిశోధనల్లో తేలింది, ఈ మాట దాచనక్కర్లేదు. కాకపోతే అదుపులో లేని ఉబ్బసంతో చదువు, ఆట, నిద్ర పోగొట్టుకోవడం, ఆయాసం వచ్చిన ప్రతిసారీ స్టెరాయిడ్ మాత్రలో ఇంజక్షన్లో పడడం దానికన్నా చాలా ఖరీదు. సందు చివర అడిగి తెచ్చుకునే "ఆయాసం పొడులు", పేరు చెప్పని గోలీలు కొన్నిటిలో కలిపేది స్టెరాయిడే. గర్భిణులు కూడా ఇన్‌హేలర్ మానకూడదు. తల్లికి ఊపిరి ఆడకపోతే కడుపులో బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది.

పీల్చడం నేర్చుకోండి

మందు సరైనదే, మనిషి వాడుతున్నాడు, అయినా తగ్గదు. పది మందిని చూస్తే అందులో ఎక్కువమందిది పీల్చే తీరు దగ్గరి తప్పే. నన్ను ఒక నర్సు "ఒకసారి నా ముందు పీల్చి చూపించండి" అని అడిగింది. చూపించాను. నోట్లోంచి, ముక్కులోంచి తెల్లటి పొగ బయటికి వచ్చింది. "మీరు ఇన్నేళ్లూ మందు గాలికి వేశారు" అంది. ఆ మాట గుచ్చుకుంది గానీ నిజం.

నొక్కే ఇన్‌హేలర్ అయితే ఇలా చేయండి. నిటారుగా కూర్చోండి లేదా నిలబడండి. మూత తీసి, లోపల ఏమైనా ఇరుక్కుందేమో చూసి, బాగా కుదపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడకపోయినా ముందు రెండు మూడు పఫ్‌లు గాలిలోకి కొట్టండి. ఊపిరి మెల్లగా బయటికి వదిలేయండి. ఇన్‌హేలర్ మూతిని పళ్ల మధ్య పెట్టుకుని పెదవులు గట్టిగా మూయండి. నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలుపెట్టి, ఆ క్షణంలోనే ఒకసారి నొక్కండి. పీల్చడం ఆపకండి, నాలుగైదు సెకన్లు నిదానంగా సాగనివ్వండి. తరవాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి, మొదటి నుంచి చేయండి. ఒకే పీల్పులో రెండుసార్లు నొక్కితే రెండో పఫ్ వృథా.

నొక్కడం, పీల్చడం కలవడం లేదా? కలవని వాళ్లే ఎక్కువ. స్పేసర్ కొనుక్కోండి. ఇన్‌హేలర్‌కు, నోటికి మధ్య ఉండే ఆ ప్లాస్టిక్ గది మందును కాసేపు పట్టి ఉంచుతుంది, మీరు తీరిగ్గా పీల్చవచ్చు. అయిదేళ్ల లోపు పిల్లలకు దానికి మాస్క్ తగిలించి, ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, ఒక్కో పఫ్‌కు అయిదారు మామూలు ఊపిరులు తీయించాలి. ఏడుస్తున్న పిల్లకు మందు లోపలికి పోదు, పడుకోబెట్టి ఇవ్వడం కన్నా ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇవ్వండి. స్పేసర్‌ను వారానికోసారి గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా వంచి ఆరబెట్టండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి మందంతా గోడలకే అతుక్కుంటుంది.

క్యాప్సూల్ పెట్టి తిప్పే పొడి ఇన్‌హేలర్ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ నెమ్మది పనికిరాదు, గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి, ఎందుకంటే పొడిని లోపలికి లాగే బలం మీ పీల్పుదే. యంత్రంలోకి ఊదకండి, తేమకు పొడి గడ్డ కడుతుంది. పీల్చాక తెరిచి చూడండి, క్యాప్సూల్లో పొడి మిగిలి ఉంటే మరోసారి పీల్చండి. క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లు ఉన్నారు. నవ్వవలసిన సంగతి కాదు, అది మాత్రలాగే ఉంటుంది, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వానాకాలంలో క్యాప్సూళ్లను ముందే విప్పి పెట్టుకోకండి.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, గొంతు బొంగురు. పళ్లు తోముకోవడానికి ముందు పీల్చే అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు, మరిచిపోవడమూ తగ్గుతుంది.

ఇంట్లో రేపేదాన్ని పట్టుకోండి

పడనివాటి జాబితా చూసి అన్నిటినీ ఒకేసారి మానేస్తే బతుకు దుర్భరం అవుతుంది, అసలు దొంగ ఎవరో తెలియదు. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని నెల రోజులు రాయండి. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ ఉన్నాను, ఏం చేస్తున్నాను. నెల తిరిగేసరికి ఒకటో రెండో పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మన ఇళ్లలో నేను మొదట అనుమానించేది దోమల చక్రాన్ని. ఒక చక్రం కాలినప్పుడు వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. తలుపులు మూసిన గదిలో, పసిపిల్లల మంచం కింద దాన్ని వెలిగిస్తాం. దోమతెర కట్టుకోండి. తరవాతి అనుమానం అగరుబత్తి, సాంబ్రాణి. దేవుడి గదిలో దీపం చాలదా అని ఇంట్లో పెద్దవాళ్లతో నేను చేసిన వాదన గెలవడానికి మూడేళ్లు పట్టింది. ఎండుమిర్చి వేయించేటప్పుడు, తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, పొగ లాగే ఫ్యాను వేయండి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ కాసేపు వంటింట్లో ఉండకపోతే మేలు.

కంటికి కనిపించనిది పరుపులోని ధూళి పురుగు. మన చర్మం రాల్చే పొట్టు తిని, తేమలో పెరుగుతుంది. కోస్తా ఊళ్లు దానికి పుట్టినిల్లు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో ఉతకండి. పాత బూరుగుదూది దిండ్లు తీసేయండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి గదంతా తిరుగుతుంది, తడిగుడ్డ పెట్టండి. బొద్దింకల్ని వదిలించడానికి మందు కొట్టే రోజున ఇంట్లో ఉండకండి.

బయట దొరికేవి ఊరిని బట్టి ఉంటాయి. మిర్చి కళ్ళాలు, పత్తి జిన్నింగు మిల్లులు, వరి నూర్పిడి దుమ్ము, కోతల తరవాత గడ్డి తగలబెట్టే పొగ, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ. దీపావళి రాత్రి, భోగి తెల్లవారుజాము ముందే తెలిసిన తేదీలు. ఆ వారం రోజువారీ మందు ఒక్క పూట కూడా తప్పకుండా చూసుకోండి. పని దగ్గర ఆయాసం ఎక్కువై, సెలవు రోజున తగ్గుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మందులు కూడా ఉబ్బసాన్ని రేపగలవు. కొందరికి ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్, డైక్లొఫెనాక్ పడవు, ముఖ్యంగా ముక్కులో కండ పెరిగినవాళ్లకు. బీపీకి, మైగ్రేన్‌కు ఇచ్చే ప్రొప్రనొలాల్, నీటికాసులకు కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు గొట్టాలను బిగిస్తాయి. కంటి డాక్టరుకు ఉబ్బసం సంగతి చెప్పాలని ఎవరికీ తోచదు.

తిండి గురించి తగ్గించి చెబుతాను. అరటిపండు, పెరుగు, జామకాయ "చలవ" అని పిల్లలకు ఏళ్ల తరబడి మాన్పిస్తారు. తిన్న ప్రతిసారీ ఆయాసం వస్తోందని మీ పుస్తకంలో కనిపిస్తే తప్ప మాన్పించకండి. ఆటలు అసలే మాన్పించకండి. పరుగెత్తితే ఆయాసం వచ్చే పిల్లలకు ఆటకు పావుగంట ముందు పీల్చే మందు డాక్టరు చెబుతారు.

ఒక కాగితం రాసి గోడకు అంటించండి

పీక్ ఫ్లో మీటర్ అని చేతిలో ఇమిడే గొట్టం ఒకటి మందుల దుకాణాల్లో దొరుకుతుంది. నిలబడి, గుండె నిండా గాలి తీసుకుని, ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది, వాటిలో పెద్ద అంకె రాసుకోవాలి. ఒళ్లు బాగున్న రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఊదితే వచ్చిన అత్యధిక అంకె మీ సొంత కొలబద్ద. అది 400 అనుకుందాం. 320 పైన ఉన్నంతకాలం మామూలు మందు. 200 నుంచి 320 మధ్యకు దిగితే జాగ్రత్త పడవలసిన సమయం, మందు ఎంత పెంచాలో డాక్టరు ముందే రాసి ఇవ్వాలి. 200 కంటే తగ్గితే ఆస్పత్రికి. ఒంటికి ఆయాసం తెలియకముందే అంకె పడిపోవడం మొదలవుతుంది, ఈ గొట్టం విలువ అదే.

గొట్టం లేకపోయినా నెలకోసారి నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. గడిచిన నాలుగు వారాల్లో పగటిపూట లక్షణాలు వారానికి రెండుసార్లు మించి వచ్చాయా? ఊపిరి ఆడించే మందు వారానికి రెండుసార్లు మించి వాడానా? ఒక్క రాత్రయినా ఆయాసంతో, దగ్గుతో లేచానా? మెట్లెక్కడమో, పనో, ఆటో తగ్గించుకున్నానా? ఒక్కటికి అవునన్నా ఉబ్బసం పూర్తిగా అదుపులో లేదు. "నాకు అలవాటే" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఆ కాగితం మీద రోజువారీ మందు పేరు, ఎన్ని పఫ్‌లు, ఆయాసం వస్తే ఏది, ఎన్ని, ఎవరికి ఫోను చేయాలి అన్నవి పెద్ద అక్షరాలతో ఉండాలి. తెలుగులో రాయండి. అర్ధరాత్రి దాన్ని చదవవలసింది మీరు కాదు, మీ ఇంట్లోవాళ్లు. పిల్లలదైతే ఇంకో ప్రతి బడిలో టీచరు దగ్గర ఉంచండి.

ఆయాసం ముదిరిన గంటలో

పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి కొంచెం ముందుకు వంచండి. చుట్టూ మూగకండి. సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు స్పేసర్‌తో, ఒక్కొక్కటిగా, ఒక్కో పఫ్‌కు నాలుగైదు ఊపిరులు. ఇరవై నిమిషాల్లో తెరిపి రాకపోతే మళ్లీ ఇచ్చి, బయలుదేరే ఏర్పాటు చేయండి. దారిలో కూడా ఇస్తూ ఉండవచ్చు. ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ వాడేవాళ్లు డాక్టరు రాసిచ్చిన లెక్క పాటించండి.

స్పేసర్ లేదా? అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి దూర్చి, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చండి. దక్షిణాఫ్రికా వైద్యులు పిల్లల మీద పరీక్షించి ఇలాంటి సీసా కొన్న స్పేసర్‌లాగే పనిచేస్తుందని 1999లో ప్రచురించారు.

వాక్యం పూర్తి చేయలేక రెండు మాటలకోసారి ఆగడం, పక్కటెముకల మధ్య గుంటలు పడడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, మగతగా ఉండడం, పసిబిడ్డ పాలు తాగలేకపోవడం కనిపిస్తే ఇరవై నిమిషాలు కూడా ఆగవద్దు, 108కి ఫోను చేయండి. ఒక్క హెచ్చరిక. విపరీతమైన ఆయాసంలో కూతలు ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందని సంబరపడకండి. కూత రావాలన్నా కొంత గాలి ఆడాలి, అది కూడా ఆడడం లేదన్నమాట. నిద్ర మాత్ర, దగ్గు మందు ఇవ్వకండి. ఆవిరి పట్టడం వల్ల ఒరిగేది లేదు, వేడి నీళ్లు ఒలికి పిల్లలు కాలడం మాత్రం జరుగుతుంది.

తగ్గి ఇంటికి వచ్చాక డాక్టరు ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రల కోర్సు మధ్యలో ఆపకండి. రెండు మూడు రోజుల్లో మళ్లీ చూపించుకోండి.

మృగశిర కార్తె మాట

జూన్ మొదట్లో, మృగశిర కార్తె ప్రవేశించే రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తుంది. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్లు చెబుతారు. ఒకప్పుడు చేప మందు అనేవాళ్లు, ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు. మా అమ్మ నన్ను మూడేళ్లు వరసగా తీసుకెళ్లింది. గొంతులో తోక కదిలిన ఆ జలదరింపు ఇంకా గుర్తే. ఉబ్బసం మాత్రం పోలేదు. అది వాపును తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. దేశం నలుమూలల నుంచి వచ్చే ఆ జనాన్ని వెక్కిరించడం నా వల్ల కాదు, రాత్రి ఆయాసపడే బిడ్డను చూసిన తల్లి ఎక్కడికైనా వెళుతుంది. వెళితే వెళ్లండి. రోజువారీ ఇన్‌హేలర్ ఆపకండి, ఊపిరి ఆడించేది జేబులో ఉంచుకోండి, ఆ వరసలో దుమ్ము, తోపులాట మామూలు. ప్రాణాయామానికీ ఇదే మాట. ఊపిరి మీద పట్టు పెరుగుతుంది, మనసు కుదుటపడుతుంది, చేయండి. మందుకు బదులుగా కాదు.

మూడు నెలలకోసారి

మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే మోతాదు తగ్గించవచ్చేమో డాక్టరును అడగండి. మీరే తగ్గించుకోవద్దు. ఇంకా బాధ ఉంటే మోతాదు పెంచమని అడిగే ముందు ఇన్‌హేలర్ తీసి ఆయన ముందు పీల్చి చూపించండి. ఏటా ఫ్లూ టీకా సంగతి కూడా అప్పుడే మాట్లాడండి.

చివరగా డబ్బాలో మందు ఎంత ఉందో చూసుకోండి. అంకె చూపించే కిటికీ లేకపోతే లెక్క కట్టాలి. 200 పఫ్‌ల డబ్బా, రోజుకు నాలుగు పఫ్‌లు అయితే 50 రోజులు. మొదలుపెట్టిన తేదీ, అయిపోయే తేదీ డబ్బా మీద పెన్నుతో రాసుకోండి. నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత చిట్కా నమ్మదగింది కాదు. మందు అయిపోయాక కూడా డబ్బాలోంచి గాలి బుస్సుమంటూనే ఉంటుంది. ఖాళీ డబ్బాను రెండు వారాలు నమ్మకంగా పీల్చిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను.